ఆడిషన్‌కి క్లాసిక్ మోనోలాగ్ ఎలా సిద్ధం చేసుకోవాలి

ఆడిషన్‌కి క్లాసిక్ పాఠం ఒకటి, అంటే పాత నాటకంలో ఒకే పాత్ర మాట్లాడే ముక్క, సిద్ధం చేసుకుని రమ్మంటే చాలామంది ముందు గొంతు మీద పని మొదలుపెడతారు. మాటలు బరువుగా పలకడం, దీర్ఘాలు లాగడం, చివర్లో ఒక అట్టహాసం. పాత నాటకాన్ని పాతకాలపు గొంతుతోనే చెప్పాలన్న భ్రమ అది. ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లకు ఆ గొంతు పొద్దుటి నుంచీ వినిపిస్తూనే ఉంటుంది. వాళ్లు చూసేది వేరు. ఈ మనిషికి తను అంటున్న మాట అర్థమైందా? ఆ మాట ఇప్పుడే మనసులో పుట్టినట్టు అనగలుగుతున్నాడా? అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో అర్థం పని ముందు వస్తుంది, గొంతు పని ఆఖర్న వస్తుంది. కనీసం మూడు వారాల టైమ్ పెట్టుకుని మొదలుపెట్టండి.

ముందు నోటీసు చదవండి

ఎన్ని నిమిషాలు, ఏ భాషలో, ఎన్ని పాఠాలు, నాటకాల జాబితా ఏమైనా ఇచ్చారా, ఈ నాలుగూ చూడండి. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మొదట ప్రిలిమినరీ ఆడిషన్, అందులో నెగ్గినవాళ్లకు తర్వాత వర్క్‌షాప్ ఉంటాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ రంగస్థల కళల విభాగంలాంటి చోట్ల పద్ధతి వేరు, సినిమా కాస్టింగ్ వాళ్లది మరీ వేరు. పోయినేడాది వెళ్లొచ్చిన స్నేహితుడు చెప్పినదాన్ని నమ్ముకోకండి, ఈ ఏడాది నోటీసే లెక్క.

రెండు నిమిషాలు అని ఉంటే మీ పాఠం ఇంట్లో నిమిషం నలభై సెకన్లలో ముగియాలి. గదిలోకి వెళ్లాక ఎంతో కొంత సాగుతుంది. టైమ్ దాటితే మధ్యలో ఆపేస్తారు, మీరు దాచుకున్న మంచి ముక్క చివర్లోనే ఉండిపోతుంది.

ఏ పాఠం?

మీ వయసుకి దగ్గరగా ఉండాలి. ఇరవై రెండేళ్ల కుర్రాడు ధృతరాష్ట్రుడిగా వణుకుతూ మాట్లాడితే ప్యానెల్‌కి ఆ వణుకు తప్ప ఇంకేమీ కనిపించదు. రెండో సంగతి, పాత్రకి ఆ నిమిషంలో ఎవరి నుంచో ఏదో కావాలి. తన గొప్ప తను చెప్పుకునే పాఠాలు వినడానికి బాగుంటాయి కానీ నటించడానికి వాటిలో పెద్దగా ఏమీ దొరకదు. అడగడం, ఒప్పించడం, తప్పించుకోవడం, నిలదీయడం, వీటిలో ఏదో ఒకటి ఉన్న పాఠం వెతకండి. మూడోది, మొదలుపెట్టినప్పటి మనిషి ముగించేటప్పటికి కాస్తయినా మారాలి. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒకే కోపం అయితే ముప్పై సెకన్ల తర్వాత వినేవాళ్లకు ఆసక్తి పోతుంది.

సినిమాల్లో పేరుపడ్డ పౌరాణిక ఘట్టాలతో జాగ్రత్త. మయసభలో దుర్యోధనుడు తెలుగువాళ్లకు ఎంత ఇష్టమో నాకూ అంత ఇష్టం. కానీ ఆ ఘట్టం ఎత్తుకోగానే వినేవాళ్ల చెవుల్లో ఒక మహానటుడి గొంతు మోగుతుంది, మీ నోట్లో కూడా అదే విరుపు దొర్లుతుంది. ఆ పోటీ మీకు అక్కర్లేదు.

మరి ఏవి? భాసుడి కర్ణభారంలో కర్ణుడు తన రథసారథి శల్యుడికి పరశురాముడి శాపం కథ చెప్పే చోటుంది. గురువు తన ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతుంటే పురుగు తొడలు తొలిచినా కదలకుండా భరించిన సంగతి, యుద్ధానికి బయలుదేరుతూ చెబుతాడు. యువకులకు చక్కగా సరిపోతుంది, ఎదురుగా వినేవాడున్నాడు కూడా. గ్రీకు వైపు వెళ్తే, అన్న శవాన్ని పూడ్చినందుకు రాజు క్రెయాన్ ముందు నిలబడి జవాబు చెప్పే యాంటిగొనీ ఉంది, సోఫోక్లీస్ నాటకంలో. నవ్వించగలరన్న నమ్మకం ఉంటే కన్యాశుల్కం మొదట్లో బొంకులదిబ్బ దగ్గర గిరీశం స్వగతం తీసుకోండి. ఆ నాటకం మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు, ఇప్పుడు మనం ఎక్కువగా చదివేది 1909 నాటి రెండో కూర్పు. గిరీశం చేసేవాళ్లకు ఒక్క మాట: అతను నవ్వించాలని చూడడు. పూటకూళ్లమ్మ డబ్బు వాడేశాడు, ఊళ్లో ఇక నిలబడలేడు, ఎక్కడికైనా ఉడాయించాలి. అతని ఇబ్బంది మీకు నిజంగా ఇబ్బందిగా ఉంటే నవ్వు దానంతటదే వస్తుంది.

పాఠం ఎంచుకున్నాక నాటకం మొత్తం చదవండి. ఈ ఒక్క పని ఎగ్గొట్టినవాళ్లు ప్యానెల్ అడిగే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

మీ మాటల్లో రాసుకోండి

ఇదే అసలు పని. పాఠంలో ప్రతి వాక్యాన్నీ మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులోకి మార్చి కాగితం మీద రాయండి. శ్రీకాకుళం అయితే శ్రీకాకుళం యాసలో, నల్గొండ అయితే నల్గొండ యాసలో. గదిలో చెప్పడానికి కాదిది, అర్థం మీ నోటికి అలవాటు కావడానికి.

కాళిదాసు శకుంతల అయిదో అంకం తీసుకుందాం. దుష్యంతుడి సభ. నిన్నెప్పుడూ చూడలేదంటున్నాడు రాజు. గుర్తుగా ఉంగరం చూపిద్దామంటే వేలికి అది లేదు. అప్పుడు శకుంతల ఒక పాత సంగతి ఎత్తుతుంది. మామూలు మాటల్లో రాసుకుంటే ఇలా ఉంటుంది: "ఆ రోజు నవమాలిక పొదరింట్లో కూర్చున్నాం. నీ చేతిలో తామరాకు దొన్నె, దాన్నిండా నీళ్లు. నేను పెంచుకున్న జింకపిల్ల వచ్చింది. ముందు ఇది తాగనీ అని నువ్వు దాన్ని పిలిచావు. కొత్త మనిషివని నీ దగ్గరికి రాలేదు. అవే నీళ్లు నేను పడితే తాగేసింది. అప్పుడు నువ్వు నవ్వి, ఎవరికైనా తమవాళ్ల మీదే నమ్మకం, మీరిద్దరూ అడవివాళ్లేగా అన్నావు."

ఇలా రాసుకోగానే ఇది విలాపం కాదని తెలిసిపోతుంది. ఆమె సాక్ష్యం చెబుతోంది. ఇద్దరికి మాత్రమే తెలిసిన చిన్న సంగతి చెప్పి ఎలాగైనా గుర్తు చేయాలని చూస్తోంది. పొదరిల్లు, దొన్నె, నీళ్లు, జింకపిల్ల, ఆ నవ్వు, ఒక్కొక్కటీ రాజు ముందు పెట్టి అతని ముఖం చూస్తోంది, ఇప్పుడైనా గుర్తొస్తుందేమోనని. ఈ ఘట్టాన్ని మొదటి నుంచీ ఏడుస్తూ చేసేవాళ్లు ఈ ఆశని పోగొట్టుకుంటారు. ఆశ లేకపోతే తర్వాత వచ్చే దెబ్బకి విలువ ఉండదు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. దుర్వాసుడి శాపం సంగతి ప్రేక్షకులకు తెలుసు, చెలికత్తెలకు తెలుసు, శకుంతలకు తెలియదు. చెలులు ఆమెకు చెప్పలేదు. కాబట్టి రాజు పాపం శాపం వల్ల మరిచిపోయాడన్న జాలి మీ గొంతులో ఎక్కడా ఉండకూడదు. ఆమె కంటికి అతను అబద్ధమాడుతున్న మగవాడు. పాత్రకు తెలిసినవి ఏవి, తెలియనివి ఏవి అని రెండు వరుసలుగా రాసుకుంటే ఇలాంటి పొరపాటు జరగదు.

ఎవరితో, ఎక్కడ మలుపు?

మీ పాఠం స్వగతమైనా సరే, ఎవరితోనో అన్నట్టే పట్టుకోండి. ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, నిలబడ్డాడా కూర్చున్నాడా, ఇంకెవరు వింటున్నారు అన్నవి తేల్చుకోండి. శకుంతల విషయంలో ఎదురుగా రాజు, పక్కన పురోహితుడు, వెంట గౌతమి, కణ్వుడి శిష్యులిద్దరు. అంతమంది ముందు తమ ఏకాంతం గురించి చెప్పాలి. ఆ సిగ్గు మీ ఒంట్లోకి రావాలంటే వాళ్లెక్కడ నిలబడ్డారో మీకు తెలిసుండాలి.

తర్వాత పెన్సిల్ తీసుకుని మలుపుల దగ్గర గీతలు పెట్టండి. పాత్ర చేస్తున్న పని మారిన చోటల్లా ఒక గీత. ఈ అంకంలో కాళిదాసే మలుపులు గుర్తుపెట్టి ఇచ్చాడు, సంబోధన చూస్తే చాలు. ముందు "ఆర్యపుత్రా" అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంది. పెళ్లే జరిగిందో లేదో అంటున్నప్పుడు ఆ పిలుపు తగదని "పౌరవా" అంటుంది. జింకపిల్ల సంగతి విన్న రాజు, ఆడవాళ్ల తేనె మాటలివి అని కొట్టిపారేశాక "అనార్యా" అని నిలదీస్తుంది. భర్త, రాజు, నీచుడు. ఆ ఆగిపోయిన "ఆర్యపుత్రా" ఒక్కటి సరిగ్గా పడితే ప్యానెల్ కాగితాల మీంచి తలెత్తి చూస్తుంది.

ఇలాంటి ఘట్టాన్ని మోనోలాగ్ చేయాలంటే రాజు మాటలు తీసేయాలి. మాటలు తీసేయండి కానీ వాటిని వినడం మాత్రం తీసేయకండి. అతను వెక్కిరించే చోట ఆగి, ఆ వెక్కిరింతను పూర్తిగా విని, అప్పుడు "అనార్యా" అనండి. రిహార్సల్‌లో ఎవరినైనా కూర్చోబెట్టి ఆ మాటలు నిజంగా అనిపించుకోవడం మంచిది. మీకు ఇష్టమైన మనిషి చేత అనిపిస్తే ఇంకా మంచిది, గుచ్చుకుంటుంది.

పద్యం ఉంటే

పద్య నాటకం నుంచి గానీ ప్రబంధం నుంచి గానీ తీసుకుంటే అందరికీ వచ్చే టెన్షన్ రాగం. పాడాలా, చెప్పాలా? సంగీతం వచ్చినవాళ్లని పాడొద్దని నేననను. కానీ ఆడిషన్‌లో వాళ్లు వెతికేది నటుణ్ని. వన్స్‌మోర్‌ల కాలంలోనే రంగస్థల నటుడు బళ్లారి రాఘవ రాగాలాపన కంటే భావం ముఖ్యమన్న దారి పట్టారు, ఆ దారి ఇప్పటికీ మనకు పనికొస్తుంది. ముందు వచనంలా చెప్పడం నేర్చుకోండి. రాగం కావాలనుకుంటే ఆ తర్వాత కాస్త అద్దుకోవచ్చు.

సాధనకి పోతన గజేంద్ర మోక్షం కంటే మంచి చోటు నాకు తెలియదు. తెలుగు పిల్లలందరికీ బళ్లో ఎక్కడో ఒకచోట తగిలిన పద్యాలే:

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్

దీన్ని అందరూ "ప్రాణంబులున్" దగ్గర ఆపుతారు, పాదం అక్కడ అయిపోయింది కాబట్టి. వాక్యం అక్కడ అయిపోలేదు. "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను", ప్రాణాలు చోటు తప్పాయి అని కలిపి చెప్పాలి. ఊపిరి తీసుకోవాల్సింది దానికి ముందు, "విలోలంబయ్యె" తర్వాత. పాదం చివర ఆగకూడదు, వాక్యం చివర ఆగాలి. యతి స్థానం దగ్గర ఆగాలనుకునేవాళ్లూ ఉన్నారు. తెలుగు ఛందస్సులో యతి అంటే అక్షరాల మైత్రి, ఊపిరి ఆపే గుర్తు కాదు.

పద్యాన్ని సంధులు విడదీసి, అన్వయం వరుసలో వచనంగా రాయండి. బలం కొంచెం కూడా లేదు. ధైర్యం చెదిరింది. ప్రాణాలు చోటు తప్పాయి. మూర్ఛ వచ్చింది. ఒళ్లు డస్సింది. అలసటగా ఉంది. ఆరు పొట్టి వాక్యాలు. మొసలి పట్టులో అలసిపోయిన జీవి పొడుగు వాక్యాలు మాట్లాడలేదు, పోతన ఆ అలసటను వాక్యం పొడుగులోనే పెట్టేశాడు. మీరు అదనంగా రొప్పక్కర్లేదు. ఒక్కో వాక్యాన్నీ కొత్త కబురులా, ఇప్పుడే గమనించినట్టు చెప్పండి చాలు.

దీనికి కొంచెం ముందు వచ్చే కందం చూడండి. "కలడందురు దీనులయెడ, కలడందురు పరమయోగి గణములపాలం" అని సాగి "గలడు కలండనెడివాడు గలడో లేడో" అని ముగుస్తుంది. బళ్లో అలవాటైన విధంగా మనం "కలడు" మీద బరువు పెడతాం. అప్పుడది భక్తి పద్యమైపోతుంది. ఒకసారి "అందురు" మీద బరువు పెట్టి చూడండి. అంటారు... అంటారు... అంటారు. అందరూ అంటున్నారు, నాకు మాత్రం కనిపించడం లేదు. మూడోసారికి ఆ మాటలో కొంచెం నిష్ఠూరం చేరుతుంది, చివరి "గలడో లేడో" నిజమైన ప్రశ్న అవుతుంది. గొంతు ఏమాత్రం పెంచకుండానే పద్యంలో నాటకం వచ్చింది. మీ పాఠంలో కూడా ప్రతి వాక్యంలో బరువు ఎక్కడ పడాలో ఇలా వెతకండి. రెండు మూడు చోట్ల మార్చి చెప్పి, అర్థం వెలిగిన చోట గుర్తు పెట్టుకోండి.

ఉచ్చారణ పని కూడా ఇక్కడే మొదలుపెట్టండి. శ, ష, స తేడా, ల, ళ తేడా, న, ణ తేడా, ఒత్తులు. "ఠావుల్"లో ఠ, అదే పద్యం చివర వచ్చే "భద్రాత్మకా"లో భ సరిగ్గా పలకాలి. అలాగని ప్రతి ఒత్తునీ కొట్టినట్టు పలికితే రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. తెలుగు పండితులు ఎవరైనా దగ్గర్లో ఉంటే ఒక్కసారి వినిపించండి, అరగంటలో దిద్దేస్తారు.

కంఠతా

ఇందాకటి పనంతా అయ్యాకే కంఠతా పట్టండి. అప్పటికే సగం వచ్చేసి ఉంటుంది. పట్టేటప్పుడు ఏ భావమూ లేకుండా, చప్పగా, నడుస్తూనో గిన్నెలు తోముతూనో అప్పజెప్పండి. భావంతో కలిపి కంఠతా పడితే ఆ రాగమే గట్టిపడిపోతుంది, తర్వాత ఎవరైనా మార్చి చెప్పమంటే నోరు తిరగదు. పాదాల లెక్కన కాక వాక్యాల లెక్కన పట్టండి. మధ్యలో ఎవరైనా పిలిచి "కూరలో ఉప్పేశావా" అని అడిగితే జవాబిచ్చి, ఆగిన చోటి నుంచే అందుకోగలిగితే పాఠం మీకు వచ్చినట్టు.

ఒళ్లు, చూపు

నిలబడి, చేతులు వదిలేసి, ఒక్క అడుగు కూడా వేయకుండా పాఠమంతా చెప్పండి. ఒకట్రెండు చోట్ల కదలకుండా ఉండలేకపోతారు. ఆ కదలికలే ఉంచుకోండి, మిగతావి మీకు అక్కర్లేదు. పౌరాణికం కదా అని చెయ్యి గాల్లోకి లేపడం, అంగవస్త్రం సర్దుకోవడం లాంటివి అలవాటుగా వచ్చేస్తాయి. అర్థం వల్ల రాని కదలికను తీసేయండి.

మీరు మాట్లాడుతున్న మనిషిని ప్యానెల్ తలలకి కాస్త పైన, మధ్యలో ఊహించుకోండి. పక్కకి పెడితే మీ ముఖం సగమే కనిపిస్తుంది. ప్యానెల్‌లో ఒకరి కళ్లలోకి సూటిగా చూస్తూ నటిస్తే వాళ్లు నోట్స్ రాసుకోలేక ఇబ్బంది పడతారు. కిరీటాలు, గదలు, గడ్డాలు వద్దు. కదలడానికి వీలైన, ఒకే రంగు మామూలు బట్టలు చాలు.

ఫోన్‌లో రికార్డు చేసి పంపమంటే ఫోన్‌ని అడ్డంగా, కంటి ఎత్తులో పెట్టండి. వెలుతురు మీ ముందు నుంచి రావాలి. చూపు లెన్స్‌కి కొంచెం పక్కన. స్టేజీ మీద చివరి వరుసకి వినిపించే గొంతు ఇక్కడ పనికిరాదు, ఫోన్ ఉన్న దూరానికి సరిపడా మాట్లాడండి.

చివరి వారం

రికార్డు చేసుకుని ముందు కళ్లు మూసుకుని వినండి. ఎక్కడ మాట మింగారో, ఎక్కడ వాక్యం చివర గొంతు పడిపోయిందో తెలుస్తుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి చివర గొంతు పడిపోతే అసలు సంగతే పోతుంది, దీన్ని చిన్న లోపం అనుకోకండి. తర్వాత సౌండ్ తీసేసి చూడండి. మాట వినపడకపోయినా మీరు ఎవరినో ఏదో అడుగుతున్నట్టు కనిపిస్తోందా?

ఒకే పాఠాన్ని మూడు నాలుగు రకాలుగా చేసి పెట్టుకోండి. గుసగుసగా ఒకసారి, నవ్వుతూ ఒకసారి, ఎవరికో అర్జెంటుగా చెప్పి వెళ్లిపోవాలన్నట్టు ఒకసారి. గదిలో "ఇంకోలా చేయండి" అనడం మామూలే. మీరు బాగా చేయలేదని కాదు, చెప్పింది విని మారగలరా అని చూడటానికి అంటారు. "ఇప్పుడు కోపం లేకుండా చేయండి" అంటే వెంటనే ఎత్తుకోకండి, ఒక్క క్షణం ఆగి ఆలోచించుకుని మొదలుపెట్టండి. ఆ క్షణాన్ని ఎవరూ తప్పుపట్టరు.

గదిలో

అరగంట ముందే చేరుకోండి. బయట వరండాలో మిగతావాళ్ల పాఠాలు వింటూ కూర్చోకుండా కాస్త దూరంగా వెళ్లి గొంతు వేడెక్కించుకోండి. పెదవులు మూసి హమ్మింగ్, తర్వాత మెల్లగా స్వరాలు. గోరువెచ్చటి నీళ్లు తాగండి.

లోపలికి వెళ్లి నమస్కారం చెప్పి, మీ పేరు, నాటకం పేరు, పాత్ర, ఘట్టం ఒక్క వాక్యంలో చెప్పండి. కథంతా చెప్పక్కర్లేదు. తర్వాత రెండు మూడు సెకన్లు మౌనంగా నిలబడి ఎదుటి మనిషిని చూడండి, అతను ఇప్పుడే అన్న మాట వినండి, అప్పుడు మొదలుపెట్టండి. మధ్యలో మాట మరిచిపోతే సారీ చెప్పకండి, ముఖం చిట్లించకండి. పాత్ర ఏం కోరుకుంటోందో దాన్ని పట్టుకుని నిలబడితే మాట వెనక్కి వస్తుంది. రాకపోతే తర్వాతి మలుపు నుంచి అందుకోండి.

అయిపోయాక చివరి మాట గాల్లో ఉండగానే "అంతే సార్" అనేయకండి. ఒక క్షణం అలాగే ఉండి, పాత్రలోంచి బయటికొచ్చి, నమస్కారం పెట్టండి. తర్వాత ప్రశ్నలుంటాయి. ఈ పాఠమే ఎందుకు తీసుకున్నారు, ఈ ఘట్టానికి ముందు ఏం జరిగింది, అనువాదం ఎవరిది, తర్వాత ఈ పాత్ర ఏమవుతుంది. మూడు వారాలు కాగితం మీద రాసుకున్నవన్నీ ఇక్కడ జవాబులుగా వస్తాయి. మొదటిదానికి పూర్తిగా భిన్నమైన రెండో పాఠం, నిమిషం లోపుది, కూడా చేతిలో ఉంచుకోండి. శకుంతల చేస్తే రెండోది గిరీశంలాంటి వచనం, హాస్యం ఉన్నది. "ఇంకేమైనా ఉందా?" అని అడిగితే ఆలోచించకుండా "ఉందండీ" అని మొదలుపెట్టొచ్చు.